కుంటి బీటు

ఊరంతా విన్న హారన్ అతనొక్కడికే వినపడలేదు. పిడుగురాళ్ల వైపు నుంచి సున్నం బస్తాలతో వస్తున్న లారీ చాలా దూరం నుంచే మోగించుకుంటూ వచ్చిందని టీ కొట్టు దగ్గర ఉన్నవాళ్ళందరూ చెప్పారు. అతను రోడ్డు దాటుతూనే ఉన్నాడట. తల కూడా తిప్పలేదట.

సత్తెనపల్లిలో అతన్ని అందరూ డీజే పెద్దాయన అనేవాళ్ళు. నాకు మాత్రం చివరిదాకా మైకు సెట్టు తమ్ముడే. మా గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పెళ్ళి ఊరేగింపుల ముందు దద్దరిల్లే ప్రతి పాటలోనూ ఒక దెబ్బ ఉంటుంది. అది అతని కొట్లో పుట్టింది. అతని చెవులను తిన్నదీ అదే.

నేను పంతులమ్మగా ఉద్యోగంలో చేరిన కొత్తలో మేం కొందరం కలిసి హేతువాద సభలు పెట్టేవాళ్ళం. చేతబడి ఉందా లేదా, ముహూర్తం పెట్టి చేసిన పెళ్ళిళ్ళు ఎందుకు చెడుతున్నాయి, ఇలాంటి వాదనలు. ఎదుటి పక్షాన్ని కూడా పిలిచి, అదే బల్ల మీద కూర్చోబెట్టి, జనం ముందే తేల్చుకునేవాళ్ళం. ఆ సభలకు మైకు కట్టేవాడు అతను. అప్పటికి మీసాలు సరిగా రాలేదు గానీ నోరు మాత్రం బాగా వచ్చేసింది.

"ఏంటక్కా, ఇయ్యాల దేవుడు ఉన్నట్టా, లేనట్టా?" అనేవాడు మైకు నా నోటి ఎత్తుకు సరిచేస్తూ.

"లేడు."

"మొన్న ఆదివారం మా పాస్టరు గారు ఇదే మైకులో ఉన్నాడన్నారే. మరి మైకు ఎవరి మాట నమ్మాలి?"

"రుజువు చూపించినవాళ్ళ మాట."

"అయితే వినుకో. మీ సభ రోజు కరెంటు పోయింది, చర్చి రోజు పోలా. ఇదేనా రుజువు?"

సభ మొదలుకాకముందే ముందు వరుసలు నవ్వేసేవి. నేనూ నవ్వేదాన్ని. మూఢనమ్మకాన్ని ఖండించడం తేలికే గానీ హాస్యాన్ని ఖండించడం నాకెప్పుడూ చేతకాలేదు.

అతనిది మాదిగపల్లె. తండ్రి డప్పు వాయించేవాడు. వాళ్ళ తాత కాలంలోనే కుటుంబం క్రైస్తవంలోకి వెళ్ళింది. డప్పు దయ్యాల పండగలకు వాయించేదని, అది మానాలని చర్చి పెద్దలు చెప్పారు. ఊళ్ళో రైతులేమో మానడానికి వీల్లేదన్నారు. మా ఇంట్లో చావుకి వాయించకపోతే మా చేలో పనికి ఎట్టా వస్తారో చూస్తామన్నారు. ఆ రెండింటి మధ్య ఆ డప్పు కొన్నాళ్ళు అటక మీదా, కొన్నాళ్ళు శవాల ముందూ బతికింది. దేవుడి పేరుతో ఒకళ్ళు వద్దన్నారు, ఆచారం పేరుతో ఇంకొకళ్ళు కావాలన్నారు. వాయించే మనిషికి ఏం కావాలో రెండు వైపులా ఒక్కడు కూడా అడగలేదు. నేను జీవితమంతా చదివిన వాద ప్రతివాదాల్లో ఇంతకంటే నీచమైన ఏకాభిప్రాయం ఎక్కడా చూడలేదు.

కొడుకుకి డప్పు రాలేదు. నేర్పనని తండ్రి ఒట్టు పెట్టుకున్నాడు. అందుకని వైర్లు నేర్చుకున్నాడు. గుంటూరులో ఒక క్యాసెట్ల కొట్టువాడు అతనికి ఎవరో జర్మనీ వాళ్ళ పాటలు ఎక్కించి ఇచ్చాడు. మనిషి గొంతు కూడా యంత్రంలోంచి దూరి వచ్చినట్టుండే పాటలు. ఆ క్యాసెట్ అరిగిపోయేదాకా విని నాకు చెప్పాడు:

"వాళ్ళు మిషన్లలాగే వాయిస్తారక్కా. మిషన్ అని చెప్పుకోడానికి సిగ్గుపడరు. మనం హార్మోనియం వాయిస్తూ కూడా మునీశ్వరుల్లా మొహాలు పెడతాం."

మద్రాసులో రికార్డింగుల దగ్గర వాడి వాడి వదిలేసిన ఒక యంత్రం ఎలాగో సంపాదించాడు. ఏ శబ్దాన్నయినా కొద్ది క్షణాల పాటు పట్టి దాచుకుని, మీట నొక్కినప్పుడల్లా తిరిగి పలికే యంత్రం అది. దానికి మొట్టమొదట ఏం వినిపించాలి? సినిమా పాట ముక్క వినిపించొచ్చు. కుక్క మొరుగు కూడా వినిపించొచ్చు. అతను తండ్రిని కొట్టుకు పిలిచి డప్పు తెమ్మన్నాడు.

ఆ రోజు నేను సభ కరపత్రాల పని మీద అటు వెళ్ళి, వాన పట్టుకోవడంతో ఆ కొట్లోనే ఆగిపోయాను. డప్పు వాయించే ముందు తోలును మంట మీద కాచాలి. కాస్తేనే బిగుస్తుంది, బిగుస్తేనే ఖంగుమంటుంది. గడ్డి మంట వేస్తారు, డప్పును తిప్పి తిప్పి చూపిస్తారు, వేలితో మీటి చూస్తారు. అది వాన రోజు. పైగా కొట్టు నిండా వైర్లు, స్పాంజి ముక్కలు, ఎండిన అట్టపెట్టెలు. మంట ఎక్కడ వేస్తారు? చివరికి పాత ఆంప్లిఫయర్‌ని చాలాసేపు వేసి ఉంచి, కాలిపోతున్న దాని వీపుకు డప్పును ఆనించారు. తండ్రికి అది వింతగా ఉంది.

"ఏరా, కరెంటుతో కాసిన డప్పు షాకు కొట్టదుగా?"

"కొడితే మంచిదే నాన్నా. వినేవాళ్ళకి తగలాలి."

ఆంప్లిఫయర్ వీపు చిన్నది, డప్పు పెద్దది. ఒక వైపు బిగిసింది, ఇంకో వైపు చెమ్మగానే మిగిలింది. ఆయన వాయించడం మొదలుపెట్టాడు. మూడు దెబ్బలు ఖంగున మోగి, నాలుగోది చెమ్మ వైపు పడి 'దుబ్' అంది. ఆయన చేయి ఆపేశాడు.

"ఒరేయ్, అది చచ్చిన దెబ్బరా. ఉండు, మళ్ళీ కొడతా."

"వద్దులే నాన్నా. అదే ఉండనీ."

"మా అయ్య వింటే చెప్పుచ్చుకు కొట్టేవాడు."

"తాత లేడుగా."

"నేనున్నా గదరా వెధవా!"

కొడుకు వినలేదు. ఆ ముక్కనే యంత్రంలో తిప్పి తిప్పి వేశాడు, దాని కింద మోటారు రొద లాంటి లోతైన మోత ఒకటి పరిచాడు. వాన ఆగే వరకు అదే విన్నాం. నాలుగో దెబ్బ దగ్గర తెలియకుండానే మోకాలు వంగుతుంది. మెట్టు ఉందనుకుని లేని చోట కాలు వేసినట్టు. తండ్రి కూడా కాసేపటికి ఆ చోట తల ఊపాడు. ఊపినట్టు ఒప్పుకోలేదనుకోండి.

ఈ ప్రాంతంలో అలాంటిది అంతకుముందు లేదు. ఒక పెళ్ళిలో వేశాడు. ఆ పెళ్ళి చూసినవాళ్ళు తమ పెళ్ళికీ అదే కావాలన్నారు. క్యాసెట్ నుంచి సీడీకి, సీడీ నుంచి పెన్ డ్రైవ్‌కి, అక్కడి నుంచి ఫోన్లకి పాకింది. నరసరావుపేట, చిలకలూరిపేట, అద్దంకి, ఒంగోలు, ఎక్కడ చూసినా అదే. కుర్రవాళ్ళు దానికి కుంటి బీటు అని పేరు పెట్టారు. నాకా పేరు నచ్చదు. అయినా పేర్లు నన్ను అడిగి పుట్టవు. ఇప్పటి డీజేలు లాప్‌టాప్‌లో సొంతంగా కట్టుకునే పాటల్లో కూడా నాలుగో దెబ్బను పని గట్టుకుని చంపుతారు. ఎందుకు చంపుతున్నావని ఒంగోలులో ఒక కుర్రాణ్ణి అడిగాను. "అట్టా ఉంటేనే బీటు మేడం, లేకపోతే లెక్కల క్లాసు" అన్నాడు. అది వానకు తడిసిన తోలని అతనికి తెలియదు. తెలియాల్సిన అవసరం లేదని కూడా అనుకుంటున్నట్టు కనిపించాడు.

చాలా ఏళ్ళ తర్వాత యంత్రాల మీద కట్టే ఈ డ్యాన్సు సంగీతం చరిత్ర చదివాను. అమెరికాలో కార్ల కర్మాగారాలు మూతపడుతున్న డెట్రాయిట్‌లోనూ, చికాగోలోనూ నల్లజాతి యువకులు ఎవరికీ అక్కర్లేని డ్రమ్ము యంత్రాలు చవగ్గా తెచ్చుకుని, తయారుచేసినవాళ్ళు ఊహించని విధంగా వాటిని పలికించారు. ఆ మోత సముద్రాలు దాటింది. కోట్లాది మంది దానికి ఆడారు. ఆడినవాళ్ళలో ఎక్కువమందికి అది ఎవరి ఇంట్లో పుట్టిందో తెలియదు. చదువుతుంటే నాకు సత్తెనపల్లి వాన వినిపించింది. మొదట చేసినవాడికి దక్కేది ఇంతేనా అని ఒళ్ళు మండింది. విందుకు పిలవని ఇళ్ళవాళ్ళే విందుకు పాట కట్టడం అక్కడా ఇక్కడా ఒకటే. మా ఊళ్ళో ఇంకో మెట్టు పైకి వెళ్ళాం. ఆ తండ్రి చెప్పులు చేత్తో పట్టుకుని నడిచిన వీధిలోనే, ఆయన చేతి దెబ్బకు పెళ్ళికొడుకు మేనమామలు పంచెలు ఎగ్గట్టి ఆడారు. డప్పు గుమ్మం దాటితే మైల అట. డప్పు మోత స్పీకర్‌లోంచి గుమ్మం దాటితే వేడుకట. తోలుకు అంటు ఉంది, ప్లాస్టిక్కుకు లేదు! ఏ శాస్త్రంలో ఉందో ఈ సూత్రం, పండితులెవరైనా చెబితే వినాలని ఉంది.

అయినా నేను ఆ హోరును సమర్థించలేదు. ఇప్పటికీ సమర్థించను. బాక్సులు మనిషి ఎత్తు నుంచి లారీ ఎత్తుకు పెరిగాయి. కిటికీ అద్దాలు వణికేవి. గుండె జబ్బులవాళ్ళు మంచం మీద లేచి కూర్చునేవాళ్ళు. దాని మీద పత్రికకు ఒక వ్యాసం రాశాను. మర్నాడే వచ్చాడు.

"నా మీద రాశావంటగా అక్కా."

"నీ మీద కాదు, శబ్దం మీద."

"ఈ చుట్టుపక్కల శబ్దమంటే నేనేగా!" అని నవ్వి, వెంటనే నవ్వు ఆపేశాడు. "మా నాన్న వాయిస్తుంటే చెవులు మూసుకుని లోపలికి పోయినోళ్ళు అక్కా వీళ్ళు. ఇప్పుడు మూసుకోమను, చూద్దాం. ఎన్ని తలుపులు వేసుకున్నా వినపడుద్ది."

"పల్లెలో చంటిపిల్లలకి కూడా వినపడుద్ది. వాళ్ళు నిన్నేం చేశారు?"

చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. నేను నెగ్గాననుకోలేదు. అతని కోపం న్యాయమైందే. కానీ న్యాయమైన కోపం కూడా ముందు దగ్గరున్నవాణ్ణే కాలుస్తుంది. బాక్సులకు అందరికంటే దగ్గర నిలబడ్డవాడు అతనే.

మొదట చెవుల్లో ఈల మోగుతోందన్నాడు. తర్వాత మనం మాట్లాడుతుంటే పెదాలు చూడటం మొదలుపెట్టాడు. గుంటూరులో డాక్టరు ఇక బాక్సుల దగ్గరకు పోవద్దన్నాడు, పోతే చెవుల్లో అడ్డం పెట్టుకోమన్నాడు. అతని భార్య మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళేది. వస్తూ పొలాల్లోంచి పత్తి తెచ్చి చేతిలో పెట్టేది.

"ఇన్ని ఎకరాల పత్తి పండే ఊళ్ళో నీ చెవిలోకి రెండు ఉండలు దొరకవా అయ్యా?"

"పెట్టుకుంటే బీటు ఎట్టా తెలుస్తదే?"

"పెట్టుకోకపోతే నేను పిలిచేది ఎట్టా తెలుస్తది?"

"నువ్వు పిలవడమా! నీ కేక బాక్సు లేకుండానే అమరావతి దాకా పోద్ది."

ఆమె నవ్వేది కాదు. అతనికి తన మాట కాక తన మొహం మాత్రమే అర్థమయ్యే స్థితి వచ్చాక అసలు అతనితో మాట్లాడటమే తగ్గించింది. చేతి సైగలతో పిలవడం తనకు అవమానంగా ఉందని ఒకసారి నాతో చెప్పుకుంది. "పశువుని పిలిచినట్టు ఉంటంది వదినా" అంది.

శవాన్ని ఆస్పత్రి నుంచి తెచ్చిన రోజు ఆమె ఒక్కటే కోరింది. సాగనంపేటప్పుడు బాక్సులు రాకూడదు. పాడాలనుకుంటే నోటితో పాడండి, మైకు కూడా వద్దు. అది ఇంటి ముందు నిలబడి అందరికీ వినపడేట్టు చెప్పింది. ఏడవలేదు.

చెప్పి లోపలికి వెళ్ళిందో లేదో వ్యాన్లు రావడం మొదలైంది. అతని దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు, వాళ్ళ దగ్గర నేర్చుకున్నవాళ్ళు, అతన్ని కళ్ళతో చూడకుండా అతని బీటు మీద బతుకుతున్నవాళ్ళు. బాక్సులకు బంతిపూలు కట్టుకుని వచ్చారు. పల్లె సందు మొదట్లో వరుసగా ఆపారు. అద్దంకి నుంచి వచ్చిన పొడుగాటి యువకుడు గుమ్మం దగ్గరకు వచ్చి చేతులు కట్టుకున్నాడు.

"పిన్నమ్మా, ఒక్క పాటే. ఆయన కట్టిందే. సౌండు బాగా తగ్గించి."

"తగ్గించడం మీకు తెలుసా?" అంది ఆమె. "ఆయనకి తెలుసా? తెలిస్తే ఇట్టా పడుకునేవాడా?"

"మా గురువు పిన్నమ్మా."

"నాకు మొగుడు."

అతను తల వంచుకున్నాడు. వెనక నుంచి ఒకడు ఊరుకోలేక అన్నాడు: "రాజు లాంటోణ్ణి మూగోడిలాగా పంపిస్తామా అత్తా?"

"చెవిటోడిలాగా బతికాడు. అప్పుడు ఎవడొచ్చాడ్రా?"

చర్చి పెద్ద ఒకాయన అందుకుని, ఆ మోత సైతానుదని తాము ఎప్పుడో చెప్పామని మొదలుపెట్టాడు. ఆమె ఆయన వైపు తిరిగి, "మీరు కూడా అయ్యగారూ, ఆయన మీద ఏం అనొద్దు. ప్రార్థన చేసి ఊరుకోండి" అంది. నా చేయి పట్టుకుంది. "వదినా, వీళ్ళకి నువ్వు చెప్పు. నువ్వు చెబితే వింటారు."

వేదికల మీద ఎందరినో ఎదుర్కొన్నాను. పూలు కట్టిన బాక్సుల ముందు నిలబడి, ఏడుస్తున్న మగపిల్లలకు మీ గౌరవం వద్దని చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. ఆమె కోరిక మన్నించడమే ఈ రోజు అతనికి మీరు చేయగల మర్యాద అన్నాను. విన్నారు. జనరేటర్లు ఆపి, వ్యాన్లను పత్తి మిల్లు గోడ పక్కకు తోసి, చెప్పులు విప్పి మా వెనక నడిచారు.

సమాధుల దొడ్డి ఊరి బయట, మిరప కల్లాలకు అవతల ఉంది. కాయలు ఎండబోసి ఉండటంతో ఘాటుకు అందరి కళ్ళూ నీళ్ళు కారుతున్నాయి. ఎవరు ఏడుస్తున్నారో ఎవరు లేదో చెప్పలేని ఎండ. ఆడవాళ్ళు నోటితోనే పాట ఎత్తుకున్నారు. గొంతులు సన్నగా, ఒకదానికొకటి ఆసరాగా సాగాయి. ఆమె అనుకున్నట్టే జరుగుతోంది.

శవపేటికను గొయ్యి పక్కన దించారు. పాస్టరు గారు బైబిలు తెరిచారు. అప్పుడు పెద్ద రోడ్డు మీద నుంచి వచ్చింది. ఎవరిదో పెళ్ళి ఊరేగింపు కల్యాణ మండపం వైపు పోతోంది. ముందు మోటారు రొద, దాని మీద డప్పు. మూడు దెబ్బలు మోగడం, ఒకటి కుంగడం. కల్లాల మీదుగా, సమాధుల మీదుగా తరలి వచ్చి మా అరికాళ్ళ కింద ఆడింది. పాట పాడుతున్న ఆడవాళ్ళు గొంతు పెంచారు, అయినా లాభం లేకపోయింది.

నాకు ఆత్మల మీద నమ్మకం లేదు. చచ్చినవాడు ఎక్కడికీ పోడు, ఎక్కడి నుంచీ రాడు. ఆ మోతలో అతను లేడని నాకు ఖాయంగా తెలుసు. అందులో ఉన్నది ఒక వాన రోజు అతను చేసిన పని మాత్రమే. చేసినవాడు పోయినా చేసిన పని నడుస్తూనే ఉంటుంది. దానికి ఎవరు పోయారో తెలియదు, తెలిసే వీలూ లేదు. ఇది హేతువాదులం గర్వంగా చెప్పుకునే మాట. ఆ గొయ్యి దగ్గర అది ఎంత దయలేని మాటో తెలిసింది.

నేను ఆమెనే చూస్తున్నాను. కోపం తెచ్చుకుంటుందనుకున్నాను. ఆమె తల కొంచెం వాల్చి, రోడ్డు వైపు చెవి పెట్టి నిలబడింది. అంతే.

మా వాళ్ళలో ఇద్దరు పరిగెత్తడం నేను చూడలేదు. ఎవరు పోయారో, ఆయన భార్య ఏం కోరిందో వాళ్ళు ఆ ఊరేగింపు వ్యాన్‌లోని డీజేకి చెప్పారట. మోత ఒక్కసారిగా తెగిపోయింది. పాడేవాళ్ళు సైతం ఆపేశారు.

అప్పుడు ఆమె నోరు తెరిచింది. పొద్దుటి నుంచి బిగబట్టిన కేక ఆ కల్లాల మీద పడింది.

"ఎందుకాపారు? ఎవరాపమన్నారు?"

"నువ్వేగా అమ్మా అన్నావు" అన్నాడు చర్చి పెద్ద.

"నేనన్నది ఇక్కడికి తేవద్దని. వాళ్ళ పెళ్ళి వాళ్ళది. ఆయన బీటుని పోయే చోటికి పోనీయక ఎందుకాపారు?" నా భుజం పట్టి ఊపేసింది. "వదినా, వేయమను. పోయి వేయమను."

నేను పరిగెత్తగలిగే వయసులో లేను. అయినా మిరపకాయల మధ్య సందుల్లోంచి ఎంత త్వరగా నడవగలనో అంత త్వరగా నడిచాను. రోడ్డు మీద పెళ్ళికూతురి తండ్రి డీజేతో గొడవ పడుతున్నాడు. "చావు వాళ్ళది, ముహూర్తం నాది, ఆడపిల్ల పెళ్ళిరా!" అని అరుస్తున్నాడు. మామూలు రోజైతే ముహూర్తం మాట వినగానే నేను ఊరుకునేదాన్ని కాదు. డీజే కుర్రవాడు వ్యాన్ మెట్టు మీద మోకాళ్ళలో తల పెట్టుకుని కూర్చున్నాడు.

"బాబూ, ఆమే వేయమంటోంది" అన్నాను.

తల ఎత్తాడు. "అబద్ధం చెప్పొద్దు మేడం."

"నిజం. నేను అబద్ధాలు చెప్పను."

"ఆయన కట్టిందే వేస్తన్నా మేడం. ఆయన పెట్టెలో ఉంటే, నేను ఇక్కడ ఈలలు వేసుకుంటా ఉన్నా." వ్యాన్‌లోని మీటల వైపు చెయ్యి చూపించాడు. "చేతులు ఆడటంలా, నా వల్ల కాదు. ఇంకెవరినన్నా వేసుకోమనండి."

పెళ్ళివాళ్ళలో ఎవరికీ ఆ మీటలు తెలియవు. కాసేపు తిట్టుకుని, చివరికి పెళ్ళికొడుకు కారు ముందు నడిచారు, చేతిలో ఉన్న విజిళ్ళు జేబుల్లో పెట్టుకుని. మోత లేని ఆ ఊరేగింపులో ఆడవాళ్ళ గాజుల చప్పుడు, పిల్లల నస కూడా వినిపించాయి.

నేను తిరిగి వచ్చేసరికి పేటికను గొయ్యిలోకి దించి, మట్టి వేయడానికి ఆమె కోసం ఆగి ఉన్నారు. నా మొహం చూసింది.

"వేయనన్నాడు" అని చెప్పాను. "చేతులు ఆడటం లేదంట."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. మిరప ఘాటు చేతులకు అంటి ఉందేమో, కళ్ళు ఇంకా మండి మళ్ళీ మూసుకుంది. "పోన్లే వదినా" అంది. కళ్ళు మూసుకునే వంగి, చేతికి అందిన మట్టి తీసుకుని వదిలింది. అది పేటిక మూత మీద పడటం అందరం విన్నాం.